మామ్మ ఉన్నన్నాళ్ళూ

మామ్మ పోయిందన్న కబురు నాకు ధవళేశ్వరం దగ్గర ఏటిగట్టు రోడ్డు మీద అందింది. ఆవిడ మందుల కోసమే పొద్దున్నే రాజమండ్రి వెళ్ళి తిరిగి వస్తున్నాను. మార్గశిరపు మంచు గోదారిని మొత్తం కమ్మేసింది. అక్కడ ఏరుందని తెలిసినవాళ్ళకే తెలుసు, కంటికైతే తెల్లగా శూన్యం. స్కూటీ పక్కకి ఆపి ఫోనెత్తితే దేవె గొంతు వినపడింది.

"పిన్నీ, మామ్మ లేవట్లేదు. కాఫీ చల్లారిపోయింది."

అంతే, ఫోన్ పెట్టేసింది. మందుల సంచి చేతికి తగిలించుకుని మంచులోకి చూస్తూ నిలబడ్డాను. తొంభై దాటిన మనిషి, నిద్రలోనే, ఎవరినీ కష్టపెట్టకుండా వెళ్ళిపోయింది. తరవాత ఇంటికొచ్చిన వాళ్ళంతా "అదృష్టవంతురాలండీ" అన్నారు, నేనూ తలూపాను. కానీ ఆ గట్టు మీద నాకు ఏడుపు కన్నా ముందు భయమేసింది. మామ్మ ఉన్నన్నాళ్ళూ అన్న ఒక్క మాట మీద ఆగి ఉన్న పెళ్ళి ఒకటుంది మా ఇంట్లో. అది ఇప్పుడు ఫోన్లో మాట్లాడిన పిల్ల పెళ్ళి.

మామ్మ అంటే మా ఆయన నాన్నమ్మ. కాపరానికి వచ్చిన రోజు నుంచి నాకూ మామ్మే. కడియం పక్కన మాకో చిన్న నర్సరీ ఉంది. ఆ వైపు ఎప్పుడైనా మొక్కలకి వచ్చి ఉంటే ఆవిణ్ణి మీరు చూసే ఉంటారు. ఎండా వానా లేకపోయినా నల్లగొడుగు వేసుకుని గేటు దగ్గర కుర్చీలో కూర్చునే ముసలావిడ. మీరు కాయ చూసి ముచ్చటపడి మామిడి అంటు ఏరుకుంటే, "ఏదీ, ఇలా తెండి" అని దగ్గరికి పిలిచి, మీ కళ్ళముందే ఆ కాయని పుటుక్కున తుంచేసేది. "ఇప్పుడు పట్టుకెళ్ళండి. చెట్టవుతుంది," అనేది. కొందరు నవ్వేవారు. కొందరు అలిగి ఇంకో మొక్క తెచ్చుకునేవారు. దాని కాయా తుంచేసేది.

కాయతోనే మొక్క అమ్మే జబ్బు నర్సరీవాళ్ళందరికీ ఉంది. లేత అంటుకి పూత వస్తే తీసెయ్యాలి, మొదటి రెండు మూడేళ్ళూ కాపు మొయ్యనివ్వకూడదు. ఇది మాకు తెలియనిది కాదు. కానీ కవరులో ఉన్న మూరెడు మొక్కకి కాయ వేలాడుతుంటే కొనేవాడు అక్కణ్ణుంచి కదలడు. అందుకని కొన్నిటికి కావాలనే వదిలేస్తాం. ఫోన్లో ఫొటోలు పెట్టే పని నాది కనక నేనూ వదిలించేదాన్ని. "కాయున్న మొక్క అమ్ముడుపోతుందే అమ్మాయ్. చెట్టు మాత్రం అవదు," అని మామ్మ దెప్పుతూ ఉండేది. నేను విననట్టు ఫోన్లోకి చూసేదాన్ని.

ఆవిడ పుట్టింది రంగూనులో. కాకినాడ రేవులో ఓడెక్కి అక్కడ మూటలు మొయ్యడానికి వెళ్ళిన కుటుంబం వాళ్ళది. యుద్ధం వచ్చి ఊరి మీద బాంబులు పడ్డప్పుడు తండ్రి, "మీరు ముందు నడవండి, నేను వెనకే వస్తాను," అన్నాడట. తల్లీ కూతురూ కొండలూ అడవులూ పట్టుకుని నడిచారు. వెనకే వస్తానన్న మనిషి రాలేదు.

ఆ నడక సంగతి మామ్మ ఎప్పుడూ కష్టంలా చెప్పేది కాదు. కల చెప్పినట్టు చెప్పేది. వెదురు పొదల్లోంచి పచ్చగా దిగే వెలుతురు. నడుస్తూ నడుస్తూ నిద్రపోవడం, నిద్రలో కూడా కాళ్ళు నడుస్తూనే ఉండడం. ఎవరో పారేసిన నల్లగొడుగు దారిలో దొరికితే ఇద్దరూ దాని కింద ముడుచుకుని పడుకోవడం. "ఆ గొడుగే మాకు ఇల్లే. తలుపొక్కటే తక్కువ," అనేది. ఆ గొడుగు ఎప్పుడో పోయింది. ఆ తరవాత ఎన్ని గొడుగులు మారినా అన్నీ నల్లవే.

మధ్యాహ్నం భోజనాలయ్యాక చామంతి మడుల మీద స్ప్రింక్లర్లు తిరుగుతుంటే ఆ తుంపరలో చిన్న చిన్న ఇంద్రధనుస్సులు పుట్టి మాయమవుతుంటాయి. ఆ వేళకి మామ్మ కుర్చీలో కళ్ళు మూసుకుని రంగూను వెళ్ళిపోయేది. పెదాలు కదిలేవి, మాకు తెలియని భాషలో రెండు మాటలు పైకి వచ్చేవి. అక్కడి ఐరావతీ నదీ ఇక్కడి గోదారీ ఆవిడకి కలిసిపోయాయి. ఓసారి రాజమండ్రిలో రేవుకి తీసుకెళ్తే అవతలి ఒడ్డు కేసి చాలాసేపు చూసి, "బంగారు గోపురం ఉండాలే అక్కడ, ఏదీ?" అంది.

"అది కొవ్వూరు మామ్మా."

"ఆఁ. మార్చేశారు కాబోలు."

వేళాకోళానికి అందో, నిజంగానే అందో నాకు ఇప్పటికీ తెలియదు.

నడిచి నడిచి వచ్చినవాళ్ళు చివరికి రాజమండ్రిలో ఒక సత్రం వరండాలో పడ్డారు. వరండాకి తలుపులుండవు కదా. తల్లి తన కొంగు చివర కూతురి పావడా అంచుకి ముడేసుకుని పడుకునేదట. ఆడపిల్ల గుండెల మీద కుంపటి అని నలుగురూ నాలుగు మాటలన్నారు. పదకొండు నిండీ నిండకుండానే పెళ్ళి చేసేసింది. పెళ్ళికొడుకు మా తాతగారు, అప్పటికి ఇరవై ఏళ్ళవాడు, పూలతోటల్లో పనిచేసేవాడు.

పెళ్ళి గురించి మామ్మకి గుర్తున్నదల్లా ఒక్కటే. కొత్త దంపతుల ముందు నీళ్ళ బిందె పెట్టి అందులో ఉంగరం వేసి తియ్యమంటారు చూడండి, ఆ ఆట. మొదటిసారి ఉంగరం ఆయన చేతికి దొరికింది. రెండోసారీ ఆయనకే. ఈవిడ మొహం చిన్నబోయింది. మూడోసారి నీళ్ళ అడుగున, ఎవరికీ కనపడకుండా, ఆయన ఉంగరాన్ని ఈవిడ పిడికిట్లోకి తోశాడు. ఇక చూసుకోండి, మళ్ళీ వెయ్యండి, మళ్ళీ వెయ్యండి అని ఒకటే ఏడుపట. పెళ్ళికొచ్చినవాళ్ళంతా నవ్వారట.

"ఆయన మంచాడని నాకు ఆ బిందెలోనే తెలిసిందే. కానీ మంచాడు దొరకడం నా అదృష్టం. అదృష్టాన్ని నమ్ముకుని పిల్లల్ని నీళ్ళలో వేసేస్తామా?" అనేది మామ్మ.

ఒకే ఒక్కసారి, నేను నిండు నెలల్లో ఉన్నప్పుడు నా కాళ్ళకి నూనె రాస్తూ, మిగిలింది చెప్పింది. పధ్నాలుగో ఏట ఆవిడకి మొదటి కాన్పు అయింది. బిడ్డ దక్కలేదు. "బొమ్మ పోయిందనుకుని ఏడ్చాను. బిడ్డ అని అప్పటికి తెలియలేదు," అని నూనె గిన్నె పక్కకి జరిపి లేచి వెళ్ళిపోయింది. నేను మళ్ళీ ఎప్పుడూ ఆ ఊసెత్తలేదు.

దేవె వాళ్ళు మా దగ్గరికి వచ్చి మూడేళ్ళు దాటింది. ఛత్తీస్‌గఢ్ అడవుల్లోని కోయ కుటుంబం. వాళ్ళ ఊరి దగ్గర ఏళ్ళ తరబడి ఇటు తుపాకులు, అటు తుపాకులు. మధ్యలో బతకలేక ఊరొదిలి కిందకి దిగారు. చింతూరు వైపు కొన్నాళ్ళు, మిరప కోతలకి కొన్నాళ్ళు, చివరికి మా నర్సరీకి. తల్లి, తండ్రి, పదమూడేళ్ళ ఈ పిల్ల. షేడ్ నెట్ల వెనక ప్లాస్టిక్ బరకం కట్టుకుని దాని కింద ఉండేవారు. పనివాళ్ళ నోట్లో దేవె వారం తిరక్కుండా దేవి అయిపోయింది. మామ్మ ఒక్కతే పిల్లని ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఎలా పలకాలో అడిగి నేర్చుకుని, దేవె అని పిలిచేది. ఆ తండ్రి మాత్రం మా భాషలో అన్నిటికన్నా ముందు 'అండి' నేర్చుకున్నాడు.

మామిడి పూత మీద ఉన్న రోజుల్లో ఓ సాయంత్రం దేవె తల్లి మామ్మ కాళ్ళ దగ్గర కూర్చుని చెప్పింది. ఉగాది వెళ్ళగానే పిల్లకి పెళ్ళి. వరుసైనవాడే, ఇటుక బట్టీలో పని, ముప్పై దాటాయి. ఇంత తొందరేమిటని అడిగితే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. చీకటి పడే వేళ ఎవడో ఒకడు బరకం బయట వచ్చి నిలబడుతున్నాడట. వాడు ఎవడో తెలియదు. ఒకరోజు దగ్గాడట, లోపల ముగ్గురూ ఊపిరి బిగబట్టి కూర్చున్నారట.

నాకు ఒళ్ళు మండింది. "పదమూడేళ్ళకి పెళ్ళేంటి మామ్మా? అధికారులకి ఫోన్ చేస్తాను. చట్టం ఉంది," అన్నాను.

"చెయ్యి. నేను కాదన్నానా? పెళ్ళి ఆగుతుంది. భయం ఆగుతుందా? తెల్లారేసరికి మూట కట్టుకుని ఇంకో ఊరు పోతారు. పారిపోయి వచ్చినవాళ్ళకి మూట కట్టడం ఎంతసేపే? ఆ ఊళ్ళో నువ్వుంటావా, నేనుంటానా? ముందు వాణ్ణి నన్ను అడగనీ. వినకపోతే అప్పుడు చెయ్యి."

మర్నాడు పొద్దున్న గొడుగు వేసుకుని మామిడి అంట్ల వరసల్లోకి బయల్దేరింది. వెనక నేను. దేవె తండ్రి వంగి, లేత మొక్కల పూత గిల్లేస్తూ ముందుకి జరుగుతున్నాడు. అదే అతని పని ఆ వారమంతా.

"ఎందుకురా తుంచేస్తున్నావు?" అంది మామ్మ.

"లేత మొక్కలండి. కాపు మొయ్యలేవండి."

"మరి నీ పిల్లో?"

నాకు నవ్వొచ్చింది. గెలిచేసింది మా మామ్మ అనుకున్నాను. అతను లేచి నిలబడి చేతికంటిన జిగురు లుంగీకి తుడుచుకున్నాడు. కోపం లేదు గొంతులో.

"మొక్కకి కంచె ఉందండి. పైన వల ఉంది. రాత్రి కాపలా మనిషి ఉంటాడండి. నా పిల్లకి ఏముందండి? బరకం ఉంది. మా ఊళ్ళో అయితే ఈ తొందర లేదండి. ఊరే లేదు."

మాటకి మాట అప్పజెప్పడంలో మామ్మని మించినవాళ్ళని నేను చూడలేదు. అలాంటి మనిషి గొడుగు తిప్పుకుని వెనక్కి నడిచింది. మధ్యాహ్నం అన్నం కెలికి లేచిపోయింది. కుర్చీలో కళ్ళు మూసుకుంటే నిద్రపోయిందనుకున్నాను. తుంపర గాలికి వచ్చి మొహం మీద పడుతున్నా కదల్లేదు. చాలాసేపటికి, కళ్ళు తెరవకుండానే, "తలుపు లేదే దానికి," అంది. గొడుగు సంగతి అంటోందో, బరకం సంగతి అంటోందో నేను అడగలేదు.

కళ్ళు తెరిచాక మాత్రం మా ఆయనకి పిలుపొచ్చింది.

"మొక్కలకి ఎండ తగలకుండా వల కట్టావు. మనుషులకి తలుపు కట్టలేకపోయావురా?"

"కట్టిస్తాలే మామ్మా, సీజన్ అవనీ. ఇప్పుడు మేస్త్రీలెక్కడ దొరుకుతారు?"

"సీజన్ అయ్యేసరికి పిల్ల పెళ్ళయిపోతుంది. అప్పుడు కట్టు, తలుపు తీసి నువ్వు కూర్చో అందులో."

మా ఆయన గొణుక్కుంటూ వెళ్ళినా, ఉగాది లోపలే గోడలు లేచాయి, రేకులు పడ్డాయి, స్నానాలగది వచ్చింది, బయట లైటు వెలిగింది. తలుపు బిగించిన రోజు మామ్మ తనే లోపలికి వెళ్ళి గడియ వేసుకుంది. మమ్మల్నందరినీ తొయ్యమంది. తోశాం. కదల్లేదు. ఎంతసేపటికీ బయటికి రాదే! లోపల ఏం చేస్తోందో తెలియక దేవె తల్లి కంగారుపడింది. తీరా తలుపు తీసుకుని బయటికొచ్చేసరికి ఆవిడ కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

దేవె తండ్రిని పిలిచింది. "కాపలా అన్నావుగా. నేనుంటాను. పిల్ల నా గదిలో పడుకుంటుంది. బడికి పంపుతాను. తీసుకొచ్చేదీ నేనే."

పనివాళ్ళు కిసుక్కుమన్నారు. పిట్టంత మనిషి, గాలికి గొడుగుతో సహా ఎగిరిపోయేలా ఉండేది. అతను మాత్రం నవ్వలేదు. ఆవిణ్ణి ఎగాదిగా చూసి, "మీరున్నన్నాళ్ళూ ఉంచుతానండి. మీ తరవాత నన్ను అడక్కండి," అన్నాడు.

"నా తరవాత సంగతి నా తరవాత," అంది మామ్మ.

అక్కణ్ణుంచి మూడేళ్ళు నాకు ఒకే పొడుగాటి మధ్యాహ్నంలా గుర్తున్నాయి. నాలుగు గంటలకి స్కూలు బస్సు కాలువ వంతెన దగ్గర ఆగుతుంది. మామ్మ మూడుంపావుకే బయల్దేరేది. నాలుగడుగులు వెయ్యడం, ఆగడం, పక్కనున్న మొక్కని పలకరించడం, మళ్ళీ నాలుగడుగులు. తిరిగొచ్చేటప్పుడు ఒకే గొడుగు కింద ఇద్దరు. మొదట్లో దేవె సిగ్గుతో చచ్చిపోయేది, తోటి పిల్లలు నవ్వుతున్నారని. "నవ్వనీ. నవ్వితే పళ్ళు గట్టిపడతాయి," అనేది మామ్మ. కాస్త రోజులు పోయాక గొడుగు పట్టుకునేది దేవే అయింది.

ఇద్దరికీ ఏం మాటలుండేవో! ఈవిడ రంగూను మాటలు కొన్ని, ఆ పిల్ల కోయ మాటలు కొన్ని. వెదురు పువ్వు పూస్తే ఏమవుతుంది, అడవిలో దారి తప్పితే నీటి చప్పుడు ఎలా పట్టుకోవాలి. వంటింట్లోంచి వింటుంటే ఇద్దరూ ఒకే అడవిలోంచి ఒకే పొద్దున బయల్దేరి వచ్చారేమో అనిపించేది.

అలాగని మామ్మని దేవతని చెయ్యను. మహా పెత్తనం మనిషి. జడ బిగించి వెయ్యలేదని దేవెని కసిరేది. జంతికల డబ్బా మంచం కింద దాచుకుని మాకెవరికీ పెట్టేది కాదు. ఆటల్లో పచ్చి మోసం. సెలవుల్లో షెడ్ల పిల్లలందరినీ పోగేసి ఇత్తడి బిందెలో ఉంగరం వేసి ఆడించేది. తనూ చెయ్యి పెట్టేది. ఎప్పుడు చూసినా అందరికన్నా చిన్న పిల్లకే ఉంగరం దొరికేది. "మామ్మా, దొంగాట! నీ చెయ్యి కదిలింది, నేను చూశాను," అని దేవె అరిచేది. "నీ కళ్ళు కాకులెత్తుకెళ్ళా, నీళ్ళలో ఏం కనిపిస్తుందే!" అని ఈవిడ దబాయించేది. తడిసిన మోచేతులతో అందరూ నవ్వేవారు.

ఏటా ఉగాది దాటగానే దేవె తండ్రి వచ్చి గేటు దగ్గర ఊరికే నిలబడేవాడు. ఏమీ అడిగేవాడు కాదు. మామ్మ కుర్చీలోంచి తలెత్తి, "ఇంకా ఉన్నానురా," అనేది. అతను తలొంచుకుని వెళ్ళిపోయేవాడు. మాకు నవ్వులాటగా ఉండేది కానీ ఆ కాసేపూ దేవె వంటింటి గుమ్మం పట్టుకుని నిలబడేది, ఊపిరి తీస్తోందో లేదో కూడా తెలిసేది కాదు. మందులు మింగడంలో మామ్మంత బుద్ధిమంతురాలిని నేను చూడలేదు. డాక్టరు మెచ్చుకుంటే, "నాకిప్పుడు చావడానికి తీరిక లేదు బాబూ," అంది. ఈ ఏడాది వంతెన దాకా నడవలేకపోయింది. గేటు దగ్గరే కుర్చీలో గొడుగు వేసుకుని, బస్సు హారన్ వినపడేదాకా చూసేది. దేవె పదో తరగతికి వచ్చింది.

ఆ మార్గశిరపు పొద్దున నేను ఇంటికి చేరేసరికి వాకిలి నిండిపోయింది. దేవె మామ్మ జడ విప్పి, దువ్వి, బిగించి వేస్తోంది. తెల్లటి, చిటికెన వేలంత జడ. నన్ను చూసి, "పిన్నీ, ఇప్పుడేంటి?" అంది. "నేను లేనూ?" అన్నాను. అన్నాను కానీ మామ్మ అన్నట్టు అనడం నాకు రాలేదు. కొంచెం దూరంలో, అంట్ల వరసల దగ్గర, దేవె తండ్రి నిలబడి ఉన్నాడు. శవాన్ని ఎత్తేదాకా అక్కణ్ణుంచి కదల్లేదు.

పెద్దకర్మ నాడు భోజనాలయ్యాక అతను నా దగ్గరికి వచ్చాడు. "అమ్మగారూ, ఒక మాటండి." అనాల్సిన మాటలన్నీ ఆ పదిరోజులూ కూడబలుక్కుని పెట్టుకున్నాను. పద్దెనిమిది నిండలేదు, చదువు సగంలో ఉంది, ఒప్పుకోను, ఈసారి ఫోన్ చేసి తీరతాను. మొదలుపెట్టబోయాను.

"మామ్మగారి గొడుగు ఇస్తారాండి?" అన్నాడు.

గుర్తుకి అడుగుతున్నాడనుకున్నాను. తలుపు వెనక మేకుకి వేలాడుతున్న గొడుగు తెచ్చి ఇచ్చాను. రెండు చేతులతో తీసుకుని వెళ్ళిపోయాడు. పెళ్ళి మాట ఎత్తుతాడేమోనని, గొడుగు చంకలో పెట్టుకుని షెడ్డు మూల తిరిగేదాకా చూస్తూనే ఉన్నాను. ఎత్తలేదు.

మర్నాడు దేవె మళ్ళీ బడికి వెళ్ళింది. సాయంత్రం నాలుగు దాటింది. చలికాలపు పొద్దు, అప్పుడే మంచు మొదలై చామంతి మడుల మీద స్ప్రింక్లర్ల తుంపరలో కలుస్తోంది. ఖాళీ కుర్చీ పక్కన నిలబడి కాలవగట్టు కేసి చూస్తున్నాను. ఆ తెల్లదనంలోంచి నల్లగొడుగు వస్తోంది. నెమ్మదిగా. నాలుగడుగులు, ఆగడం, మళ్ళీ నాలుగడుగులు. మామ్మా అని పిలవబోయాను, నిజం.

దగ్గరికొచ్చాక తెలిసింది. గొడుగు పట్టుకుని దేవె తండ్రి. ఎండ లేదు, వాన లేదు. గొడుగంతా పిల్ల మీదకే పట్టి తను బయట నడుస్తున్నాడు. దేవె భుజాన పుస్తకాల సంచి. ప్రతి నాలుగడుగులకీ ఎందుకు ఆగుతున్నాడో ఆ పిల్ల అడుగుతున్నట్టుంది, అతను చెప్పడం లేదు. ఇన్నాళ్ళూ రోజూ మామిడి వరసల్లోంచి చూశాడు కదా, వంతెన నుంచి అలాగే రావాలనుకున్నాడేమో.

గేటు దగ్గరికి వచ్చి ఆగాడు. కుర్చీ కేసి చూశాడు, నా కేసి కాదు.

"ఇంకా ఉన్నానండి," అన్నాడు.

తరవాత ఇద్దరూ షెడ్ల వైపు నడిచారు. తుంపరలోకి వెళ్ళాక మనుషులు కనపడలేదు, గొడుగు ఒక్కటే కాసేపు నల్లగా కనపడింది.